కాలు బాగానే ఉంది

ఈ పనిలోకి వద్దామనుకునే పిల్లలు నన్ను కలిసినప్పుడు మొట్టమొదట అడిగేది ఒకటే. "ఆంటీ, పెద్ద పెద్ద ప్లేయర్లకి మీరే మసాజ్ చేశారా?" చేశాను. చేతులు కడుక్కుని అన్నం కూడా తిన్నాను. పెద్ద ప్లేయరైనా చిన్న ప్లేయరైనా పిక్క పిక్కే, చెమట చెమటే. మీరు తెలుసుకోవలసింది అది కాదు.

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టింది కాకినాడ, చదివింది విశాఖపట్నం, పెళ్ళయ్యాక వచ్చి పడింది సింగపూర్. మొదట జురాంగ్ వెస్ట్‌లో ఒక క్లినిక్‌లోనూ, తర్వాత చాలా ఏళ్ళు ఒక ఫుట్‌బాల్ క్లబ్బులోనూ పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. క్లబ్బు పేరు రాయను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళకు అక్కర్లేదు. ప్రమోషన్ల గురించీ రాయను. ఫిజియోకి ప్రమోషన్ అంటే గదికి కిటికీ రావడమే. నాకు చివరి రెండేళ్ళూ కిటికీ వచ్చింది.

ఇప్పుడు ఆ కిటికీ పక్కన కూర్చున్నది ప్రణీత. వరంగల్ అమ్మాయి, చురుకైనది, నోరు కూడా చురుకే. ఇది రాయమని పోరు పెట్టింది కూడా ఆమే. "మీరు జర్మనీ ఆయన సంగతి రాయుండ్రి ఆంటీ. మిగతాయన్నీ నేను మెల్లగ నేర్చుకుంట. గా ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలే" అంది. ఆ రోజుల్లో ఆమె నాతోనే పనిచేసేది. జరిగినదాంట్లో చాలామటుకు పక్కనుండి చూసింది. అయినా అర్థం కాలేదంటే తప్పు ఆమెది కాదు. అది ఒక్క మాటలో తేలే వ్యవహారం కాదు.

యార్డు మోకాలు, ఆఫీసు నడుము

జర్మనీ ఆయన కంటే ముందు అప్పన్న గురించి చెప్పాలి. లేకపోతే నేను ఎందుకంత మొండికేశానో మీకు తెలియదు.

జురాంగ్ వెస్ట్ క్లినిక్‌లో పొద్దున్నే తువాస్ షిప్‌యార్డుల నుంచి దెబ్బలు తగిలినవాళ్ళను లారీల్లో తెచ్చి దింపేవారు. మధ్యాహ్నం నుంచి ఆఫీసుల వాళ్ళు వచ్చేవారు. ఒకే బల్ల మీద ఈ రెండు రకాల మనుషుల్నీ చూడడం వల్ల నాకు ఈ వృత్తి సగం అక్కడే తెలిసిపోయింది.

సింగపూర్‌లో 'ఎమ్‌సీ' అని ఒకటుంది. ఒంట్లో బాగాలేదని డాక్టరు ఇచ్చే చీటీ. అది చూపిస్తే ఆ రోజుకు సెలవు. ఆఫీసుల వాళ్ళకు అది కల్పవృక్షం. బాస్ తిట్టాడా, నడుం నొప్పి. అత్తగారు దిగుతున్నారా, నడుం నొప్పి. మనం తెలుగువాళ్ళం దీన్ని చూసి ముక్కున వేలేసుకోనక్కర్లేదు. వెళ్ళడం ఇష్టంలేని పెళ్ళికి "ఒంట్లో నలతగా ఉందండీ" అని కబురు పంపని ఇల్లు మన వైపు ఏది? ఒంటిని అడ్డం పెట్టుకుని మాట దాటెయ్యడం మన దృష్టిలో అబద్ధం కాదు, మర్యాద.

యార్డు మనుషులది దీనికి సరిగ్గా తిరగేసిన వరస. అప్పన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన వెల్డరు. మోకాలు బూరెలా పొంగిపోయి ఉంది. నేను వేలు పెట్టగానే పళ్ళు బిగబట్టాడు.

"నొప్పి ఉందా?"

"నేదు మేడమ్. ఏటీ నేదు. పనికెల్లొచ్చని ఓ మాట సెప్పీయండి మీరు."

"ఇలాగే నిచ్చెనలు ఎక్కితే మోకాలు పోతుంది అప్పన్నా."

"మోకాలు పోతే నా ఒక్కడి కాలే పోద్ది. ఇంటికి పంపీసినారంటే అందరం పోతాం."

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. మా బాస్ దగ్గరికి వెళ్ళాను. చైనీస్ పెద్దాయన, నవ్వడం ఎరగని మనిషి. ఆయన వచ్చి మోకాలు చూసి, యార్డు సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, వీణ్ణి ఇంటికి పంపొద్దు, నెల్లాళ్ళు కూర్చుని చేసే పని ఇవ్వు, తర్వాత నీకే పనికొస్తాడు అని నాలుగు ముక్కలు చెప్పాడు. అవతలివాడు మారుమాట లేకుండా సరేనన్నాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆ సూపర్‌వైజరు ఎంత కర్కోటకుడో నాకు తెలుసు.

"వాడు ఎందుకు వాదించలేదో తెలుసా?" అన్నాడు బాస్. "నేను ఇంతవరకు లేని నొప్పిని ఉందని చెప్పలేదు. ఆఫీసు వాళ్ళు ఎంత బతిమాలినా చెప్పనిది వాళ్ళ మీద కోపంతో కాదు. ఇలాంటి మనిషి వచ్చిన రోజున నా మాట చెల్లాలి కదా."

నెల తర్వాత అప్పన్న కుంటకుండా నడిచి వచ్చి నాకు జీడిపప్పు పొట్లం ఇచ్చాడు. ఇవ్వవలసింది బాస్‌కి అని చెప్పాను. ఆయన నవ్వడు కదా మేడమ్, బయమేస్తాది అన్నాడు.

గీతతో కాపురం

ఫుట్‌బాల్ తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. వింగర్ అంటే మైదానం అంచున, తెల్లగీత పక్కనే పరుగెత్తే ఆటగాడు. బంతి తీసుకుని ఎదురుగా ఉన్న మనిషిని దాటిపోవడం అతని పని. ఆ దాటబడేవాడి పేరు ఫుల్‌బ్యాక్. వాడి పని వెనక నిలబడి వింగర్‌ను ఆపడం. ఒకడు పరుగు, ఒకడు కాపలా. ఆట అయ్యాక మెచ్చిన ఆటగాడి చొక్కా అడిగి పుచ్చుకోవడం వీళ్ళ మర్యాద. ఇంతకు మించి మీకు అక్కర్లేదు.

టిల్మన్ మా క్లబ్బుకు వచ్చేసరికి ముప్ఫై దాటి మూడు నాలుగేళ్ళయింది. జర్మనీలో ఒక చిన్న ఊరు, తండ్రి ట్రాము డ్రైవరు. పదేళ్ళప్పుడు ఒక క్లబ్బు వాళ్ళు తీసుకుపోయి కుడి అంచున నిలబెట్టారు. మళ్ళీ అక్కణ్ణుంచి కదల్లేదు. రెండో డివిజన్‌లో పేరు వచ్చింది, పై డివిజన్‌లో కొన్ని సీజన్లు ఆడాడు, తర్వాత మోకాలు ఆపరేషను. ఆపైన ఆస్ట్రియా, సైప్రస్, చివరికి మేము. ఈ కథంతా అతను నా బల్ల మీద బోర్లా పడుకుని చెప్పాడు. ఆటగాళ్ళు బోర్లా పడుకుంటే నిజాలు చెబుతారు. మొహం కనిపించదు కాబట్టి.

చిన్నప్పుడు అతని కోచ్ గీతకు నాలుగడుగుల దూరంలో పొడుగునా ఒక తాడు కట్టేవాడట. ఆ తాడుకూ గీతకూ మధ్య సందులోంచే బంతితో పోవాలి. తాడు తగిలితే మళ్ళీ మొదటి నుంచి. "మిగతావాళ్ళకు మైదానం నాలుగు పక్కలా ఉంటుంది లక్ష్మీ, నాకు మూడు పక్కలే. నాలుగోది ఎప్పుడూ గీతే" అన్నాడు. గీతతోనే కాపురం అన్నమాట అని నేను తెలుగులో అనుకున్నాను.

మొదటి సీజన్‌లో అతన్ని చూడడం ఒక పండగ. కుడి భుజం ఒక్కసారి వంచేవాడు. ఎదుటివాడు అటు ఒరిగేవాడు. ఇతను ఇటు పోయేవాడు. వారం వారం అదే ఎత్తు, వారం వారం ఎవడో ఒకడు పడిపోయేవాడు. మావారు ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకునే మనిషి కాదు, బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఆయన లోకం. ఆయన కూడా మా ఇల్లున్న హౌగాంగ్ నుంచి రైలెక్కి వచ్చి కూర్చునేవారు. వచ్చి ఊరుకుంటారా. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మీ జర్మనీ వాడికి ఎవరూ చెప్పలేదా లక్ష్మీ?" అనేవారు. నిలబడితే వాడికి నీళ్ళు కూడా పుట్టవండీ అని నేను జవాబిచ్చేదాన్ని. నవ్వులాటకే అన్నాను అప్పుడు.

వార్మప్ భక్తి

పెద్దవాళ్ళను గౌరవించడం మంచిదే. కళ్ళు మూసుకుని గౌరవిస్తే కండరాలు పట్టేస్తాయి. టిల్మన్ మ్యాచ్‌కు ముందు చాలాసేపు వార్మప్ చేసేవాడు. వంగడం, సాగడం, చిన్న పరుగులు, పెద్ద పరుగులు, మళ్ళీ వంగడం. మా కుర్రాళ్ళు అది చూసి మొదలుపెట్టారు. మా కోచ్ హఫీజ్ చూసి మురిసిపోయి దాన్ని రూలు చేశాడు.

హఫీజ్ మలయ్ మనిషి, నా కంటే బాగా చిన్న. నన్ను 'కాక్' అంటాడు, వాళ్ళ భాషలో అక్క. మాట చివర 'లా' తగిలిస్తాడు, అది ఈ ఊరి అలవాటు. మంచివాడు, ఆట తెలిసినవాడు. కానీ బయటి దేశం పేరు వింటే చాలు, సగం వంగిపోతాడు.

"హఫీజ్, జర్మనీలో చలి. అక్కడ ఒళ్ళు వేడెక్కడానికి టైం పడుతుంది. మనకు ఇక్కడ బస్సు దిగి గేటు దాటేలోపే వేడెక్కుతుంది. పిల్లలు మ్యాచ్ మొదలవకముందే సగం కరిగిపోతున్నారు" అని చెప్పాను.

"కాక్, ఆయన ఆడింది జర్మనీలో. మనం ఆడేది మన పేటలో లా. ఆయన చేస్తే ఏదో ఉంటుంది."

రెండో సగం వచ్చేసరికి మావాళ్ళు ఒక్కొక్కరే పిక్కలు పట్టుకుని కూర్చునేవారు. నేనూ ప్రణీతా ఐసు పెట్టెలు మోసుకుని పరుగులు. చివరికి ఒకరోజు టిల్మనే నన్ను అడిగాడు. "వీళ్ళంతా నాతోపాటు ఇవన్నీ ఎందుకు చేస్తున్నారు? నాది ఆపరేషనైన మోకాలు. అది కదలడానికి నాకు అంతసేపు కావాలి. వీళ్ళకేం రోగం?"

ఎవరూ అతన్ని అడగలేదు. అంత పెద్దవాణ్ణి అడగడం ఏం బాగుంటుందని మావాళ్ళు, తనను ఎవరూ అడగలేదు కదా అని అతను. ఒక మనిషి మోకాలి వైద్యాన్ని ఊరంతా కలిసి నెలల తరబడి పూజలా చేశాం. హఫీజ్ ఆ రోజు చాలా సిగ్గుపడ్డాడు. కానీ పాఠం నేర్చుకోలేదు. అదే జబ్బు మళ్ళీ ఇంకో రూపంలో తిరగబెట్టింది.

రెండు జతల అడుగులు

బెంచీ మీద కూర్చునేవాళ్ళకు అందరికంటే బాగా తెలిసేది వింగరే. మ్యాచ్‌లో సగంసేపు అతను మా ముందు నుంచే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతాడు. మిగతావాళ్ళను చూస్తాం, వింగర్‌ను వింటాం. మొదటి ఏడాది టిల్మన్ దూసుకుపోతుంటే నాకు ఒక జత అడుగులే వినిపించేవి. ఎదుటివాడు ఎక్కడో వెనక ఉండేవాడు.

రెండో ఏడాది నడుస్తుండగా ఒక సాయంత్రం నాకు రెండు జతలు వినిపించాయి. ఆ మ్యాచ్ సంగతేదో అనుకున్నాను. తర్వాతి మ్యాచ్‌లోనూ రెండు జతలే. అతని ఊపిరి బాగుంది, కాలు వేసే తీరు బాగుంది, భుజం అదే అందంతో వంగుతోంది. ఎదుటివాడు అటు ఒరిగి, మళ్ళీ ఇటు తిరిగి, వచ్చి పట్టేసుకుంటున్నాడు. తొడలూ పిక్కలూ రోజూ నా చేతుల కింద ఉండేవే. వాటిలో ఏ దోషమూ లేదు. వయసొచ్చింది, అంతే. దానికి పట్టీ లేదు, ఐసు లేదు.

నాకు బాధేసింది. చెప్పుకోవడానికి అదేం పెద్ద విషాదం కాదు, ముప్ఫై అయిదేళ్ళకు అందరికీ వచ్చేదే. మనకు ఆ వయసులో ఉద్యోగాలు అప్పుడప్పుడే కుదురుకుంటాయి. అతనికి ఆ వయసులో తెల్లారిపోతోంది.

ఇద్దరూ అడిగింది ఒకటే

సీజన్ ఇంకా నెలన్నర ఉందనగా హఫీజ్ నన్ను హౌగాంగ్ హాకర్ సెంటర్‌కు, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, పిలిచాడు. మనం బస్సులో రుమాలు వేసినట్టు టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ 'చోప్' చేసి, నాకు టీ తెప్పించి, తన కాఫీ తాగకుండా చెంచాతో తిప్పుతూ కూర్చున్నాడు.

"కాక్, ఆయన్ని ఇంక వింగర్‌గా ఆడించలేను. ఇర్ఫాన్‌ను ఆడించాలి. ఆ కుర్రాడు రెడీగా ఉన్నాడు."

"నాకూ తెలుసు. ఆయనకు చెప్పండి."

"నేనెట్లా చెప్పను? నేనెక్కడ ఆడాను, ఆయనెక్కడ ఆడాడు? నా నోటితో ఆయన్ని స్లో అనాలా? పాపం తగుల్తుంది లా." ముందుకు వంగాడు. "మీరు ఒక్క మాట అనండి, చాలు. తొడ వెనక కండరం పట్టేసింది, సీజన్ అయ్యేదాకా రెస్టు. పేపర్లో వస్తుంది, జనం అయ్యో అంటారు, ఆయన హీరోలా వెళ్తాడు. ఎమ్‌సీ లాంటిదే కాక్, అందరూ చేసేదే."

ఆలోచిస్తానని లేచాను. ఆలోచించడానికేమీ లేదు, టీ చల్లారిపోయిందని లేచాను.

మర్నాడు పొద్దున టిల్మన్ నా గదికి వచ్చాడు. ఈసారి బోర్లా పడుకోలేదు, కూర్చున్నాడు. తొడ వెనక పట్టేసినట్టుంది అన్నాడు.

"ఎక్కడ?"

"ఇక్కడ." వేలు పెట్టాడు. "కాదు, కొంచెం పైన. ఇక్కడ అనుకుంటా."

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. నిజంగా నొప్పి ఉన్నవాడి వేలు వెతుక్కోదు. నేను నొక్కి చూశాను, సాగదీసి చూశాను. అతను నా కళ్ళలోకి చూడడం లేదు. చెయ్యి తీసేశాను.

"నీకేం కావాలి టిల్మన్?"

బల్ల మీద దుప్పటి అంచు సరిచేశాడు. తర్వాత చెప్పాడు. "కోచ్ నన్ను తీసేస్తాడు. అతని కళ్ళలో తెలుస్తోంది, చెప్పలేకపోతున్నాడు. నన్ను ఎప్పుడూ తీసెయ్యలేదు లక్ష్మీ. దెబ్బ తగిలి కూర్చున్నాను గానీ, చాలలేదని ఎవరూ కూర్చోబెట్టలేదు. గాయం అని మీరు ఒక్క మాట అంటే, అలాగే ముగిసిపోతుంది. మా ఊళ్ళో కూడా అలాగే రాసుకుంటారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరూ అడిగింది ఒకే అబద్ధం. ఒకడు చెప్పలేక, ఒకడు వినలేక. పైగా నేను ఈయన మాట ఆయనకు చెప్పకూడదు, ఆయన మాట ఈయనకు చెప్పకూడదు. నా గదిలో అన్న మాట నా గది దాటకూడదు. హాకర్ సెంటర్‌లో అన్న మాటకూ అదే నియమం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇద్దరిలో ఎవరికీ అవునని చెప్పలేదు. టిల్మన్‌తో మాత్రం ఇలా అన్నాను. "నీ కాలు బాగానే ఉంది. నీ పరుగు ఎందుకు తగ్గిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది గాయం కాదు. కోచ్ గది పక్కనే ఉంది. వెళ్ళి మాట్లాడుకో." అతను బూట్లు వేసుకుని, తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు. ఎడమ పక్కకు, గేటు వైపు. కోచ్ గది కుడి పక్క. తలుపు విసురుగా వేసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ప్రణీత గది మూలన పరికరాలు తుడుస్తూ అంతా విన్నది. అతను వెళ్ళగానే నా మీద పడింది.

"ఒక్క మాట అంటె ఏం పోతుండె ఆంటీ? ఎవలికి నష్టం? ఆయన ఇజ్జత్ ఆయనకు ఉంటుండె."

"రేపు ఇర్ఫాన్‌కి నిజంగానే తొడ పట్టేసిందనుకో. కోచ్ ఆడించాలంటాడు. నేను వద్దంటాను. అప్పుడు కోచ్ ఏమంటాడు? పోయినసారి ఆయన అడిగితే లేని నొప్పి ఉందన్నారు కదా, ఈసారి నేను అడుగుతున్నా, ఉన్న నొప్పి లేదనండి అంటాడు. అప్పుడేం చేస్తావు?"

"గట్ల కోచ్ అనడు."

"అంటాడమ్మా. తప్పకుండా అంటాడు."

"ఐతె ఇర్ఫాన్ కోసం ఈయనని బలి ఇస్తున్నరా మీరు?"

ఆమె చేతిలో గుడ్డ తీసుకుని మిగతా పరికరాలు నేనే తుడిచాను. టిల్మన్ అంటే నాకు ఇష్టం. అబద్ధం కూడా ఎంతో తియ్యగా ఉంది. పామూ చావదు, కర్రా విరగదు. నా గది నియమం తప్పి, అన్నం దగ్గర ఒక్క మావారికి మాత్రం చెప్పేశాను. ఆయన పక్కన కూర్చుని, "ఆడలేక మద్దెల ఓడు అంటున్నాడు మీవాడు, నువ్వేమో మద్దెలకేమీ కాలేదని అందరి ముందూ మోగించి చూపిస్తానంటున్నావు. కొంచెం జాలి ఉండాలే" అన్నారు. ఆయన ఎగతాళిగా అన్నా, మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

శుక్రవారం మీటింగు

మ్యాచ్ ముందురోజు పొద్దున అందరూ డ్రెస్సింగ్ రూములో కూర్చుంటారు. కోచ్ ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు, నేను ఆడగలడో లేదో నోటితో చెబుతాను. మా క్లబ్బు పద్ధతి అది. అందరి ముందూ, పేరుపేరునా.

వరసగా పిలుస్తూ వచ్చి హఫీజ్ ఆగాడు. కళ్ళతో నన్ను బతిమాలుతున్నాడు.

"టిల్మన్?"

టిల్మన్ బెంచీ చివర కూర్చుని నేల చూస్తున్నాడు. అతని భుజాలు బిగుసుకుని ఉన్నాయి.

"కాలు బాగానే ఉంది" అన్నాను.

హఫీజ్ పేరు పక్కన ఏం పెట్టాలో తెలియక పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. టిల్మన్ తలెత్తి నా వైపు చూశాడు. అంత కోపంగా నన్ను ఏ ఆటగాడూ చూడలేదు. నేను కళ్ళు దించుకోలేదు.

అప్పుడతను లేచి నిలబడ్డాడు. ఇర్ఫాన్ వైపు కాదు, నా వైపు కాదు, హఫీజ్ వైపు తిరిగాడు.

"ఆమె చెప్పింది నిజమే. కాలు బాగానే ఉంది. నాకు వేగం పోయింది. మీకు తెలుసు, వీళ్ళందరికీ తెలుసు. మీరు నాతో చెప్పొచ్చు."

హఫీజ్ నోట్లోంచి పెన్ను తీశాడు. వార్మప్ నాటి సిగ్గు అతని మొహంలో మళ్ళీ కనిపించింది. ఈసారి మాత్రం దాటెయ్యలేదు. "రేపు వింగ్‌లో ఇర్ఫాన్. సారీ బ్రదర్." మళ్ళీ తనే అడిగాడు. "బెంచీ మీద ఉంటారా? అవసరమైతే ఫుల్‌బ్యాక్‌గా దిగుతారా?"

పాతికేళ్ళు ఫుల్‌బ్యాక్‌లను పడగొట్టిన మనిషిని ఫుల్‌బ్యాక్‌గా నిలబడమంటున్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. తిరస్కరిస్తాడనుకున్నాను.

"ఎప్పుడూ ఆడలేదు. ప్రయత్నిస్తాను" అని కూర్చున్నాడు. మీటింగు అయ్యాక నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

సెమీఫైనల్ పోయిన తీరు

ఆ మ్యాచ్ డ్రా అయినా చాలు, మేము కప్పు సెమీఫైనల్లో ఉంటాం. ఇర్ఫాన్ బాగా ఆడాడు. రెండో సగం మొదట్లో పిడుగుల హెచ్చరిక సైరను మోగింది. ఈ ఊళ్ళో అది మామూలే. అందరూ లోపలికి వచ్చి, మబ్బు తేలిపోయేదాకా గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ దిగారు. చల్లబడ్డ కాళ్ళతో దిగితే ఏమవుతుందో అదే అయింది. మా కుడి ఫుల్‌బ్యాక్ నాలుగడుగులు పరుగెత్తి పిక్క పట్టుకున్నాడు. నేను పోయి చూసి, వీల్లేదు అని చెయ్యి ఊపాను. హఫీజ్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా మార్చేశాడు. ఆ పక్కన ఆడగలిగినవాడు బెంచీ మీద ఇంకొక్కడే ఉన్నాడు.

టిల్మన్ దిగాడు. కాసేపు బాగానే నెట్టుకొచ్చాడు. బుర్ర ఉన్నవాడు, ఎదుటివాడు ఎటు వస్తాడో ముందే పసిగట్టేవాడు. ఆట ముగియవస్తుండగా అవతలి జట్టు వింగర్ బంతి తీసుకుని అతని మీదికి వచ్చాడు. పందొమ్మిదేళ్ళుంటాయేమో, బక్కపలచటి కుర్రాడు. సరిగ్గా మా బెంచీ ముందే. భుజం వంచాడు. టిల్మన్ అటు ఒరిగాడు. కుర్రాడు ఇటు పోయాడు. నాకు ఒక జత అడుగులే వినిపించాయి. ఆ తర్వాత గోలు.

మేము ఓడిపోయాం. స్టాండులోంచి ఎవరో "ముసలోణ్ణి ఎందుకు దింపారు" అని అరిచారు, ఇంకా చాలా అన్నారు. హఫీజ్ కొన్ని వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాతొకసారి, "ఆ శుక్రవారం మీరు ఒక్క మాట అనుంటే సెమీఫైనల్ ఆడేవాళ్ళం కాక్" అన్నాడు. టిల్మన్ పేరు అసలు బెంచీ మీదే ఉండేది కాదు, అతని చోట మామూలు ఫుల్‌బ్యాక్ ఇంకొకణ్ణి పెట్టుకునేవాడు. హఫీజ్ అన్నది నిజం. నిజం చెప్పినందుకు దండలు వేస్తారని నేను మీకు చెప్పను. నాకు వెయ్యలేదు.

ప్రణీతకు అర్థం కానిది ఇదే. "మీ మాట నిలబడ్డది సరె, జట్టు ఓడింది, ఆయన ఇజ్జత్ పోయింది. ఆయనకేం మిగిలింది ఆంటీ?" అని ఇప్పటికీ అడుగుతుంది. చివరి విజిల్ పడ్డప్పుడు ఆమె పిక్క పట్టేసిన ఆ ఫుల్‌బ్యాక్‌ను పట్టుకుని లోపలికి నడిపిస్తోంది. తర్వాత జరిగింది ఆమె చూడలేదు. నేను చూశాను.

మావాళ్ళంతా తలలు వాల్చుకుని లోపలికి పోతున్నారు. టిల్మన్ మాత్రం నా వైపు వచ్చాడు. ఇంక తిట్టడమే తరువాయి అనుకుని నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అతని మొహం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"లక్ష్మీ, వాణ్ణి చూశారా?"

"చూశాను నాయనా."

"భుజం వంచాడు. అది మోసమని నాకు తెలుసు. పాతికేళ్ళు నేను చేసిన మోసమే. తెలిసి తెలిసి నమ్మేశాను!" ఆయాసపడుతున్నాడు, నవ్వుతున్నాడు. "వాడు వెళ్ళిపోతుంటే వెనక నుంచి చూస్తూ నిలబడిపోయాను. ఎంత బాగుంది! ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు. నేనెప్పుడూ ముందుండేవాణ్ణి, నాకెలా కనిపిస్తుంది?"

నేను సీసా మూత తీసి అందించాను. అతను సీసా అందుకోలేదు. వెనక్కి తిరిగి, స్టాండులో వాళ్ళు ఇంకా అరుస్తుండగా, మైదానం అడ్డంగా దాటుకుంటూ, తనను ఓడించిన ఆ కుర్రాడి చొక్కా అడగడానికి పరుగెత్తాడు.